బహుమతి అందుకునే బిడ్డ చూపు ఎవరి కోసం?



పదో తరగతిలో, ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు మన సొసైటీ ఏటా బహుమతులు ఇస్తోంది. సభ ముగిశాక ఏటా ఒక మాట కూడా వినబడుతుంది: "ఇంత ఖర్చు పెట్టి చేస్తే సగంమంది తల్లిదండ్రులు రానే లేదు. వీళ్లకు పిల్లల చదువు పట్టదు." పాతికేళ్లకు పైగా గుంటూరులో పాఠాలు చెబుతున్నాను. ఆ మాట నేనూ అన్నదాన్నే.

కొన్నేళ్ల కిందట మా బడి వార్షికోత్సవం ఫిబ్రవరిలో పెట్టాం. ఎనిమిదో తరగతి అమ్మాయికి చేతిరాతలో మొదటి బహుమతి వచ్చింది. వేదిక ఎక్కిందే గానీ, కప్పు ఇస్తున్న అతిథిని చూడదు, గేటు వైపే చూస్తుంది. ఫొటో తీసే అబ్బాయి రెండుసార్లు "ఇటు చూడమ్మా" అన్నాడు. మర్నాడు తరగతిలో అందరి ముందూ అడిగాను, "మీ అమ్మీకి నీకన్నా పనే ముఖ్యమా?" అని. పిల్ల తల దించుకుని, "వచ్చింది టీచర్, గేటు బయట నుంచుంది" అంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తల్లి మిర్చి తొడిమలు తీసే కూలీ. తూకం మీద డబ్బులు. లేచి వచ్చిన ప్రతి గంటా నష్టమే. "పని మధ్యలో వచ్చాను టీచరమ్మా. బట్టలనిండా ఘాటు. లోపల కూర్చుంటే పక్కవాళ్లు దగ్గుతారు, పిల్లకు నామోషీ. మైకులో దాని పేరు విన్నాను, చాలు" అంది. నేను మా రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా "రాలేదు" అని రాసి ఉన్నాను.

మిర్చి కోతలు, తొడిమల పని జోరుగా సాగేది ఫిబ్రవరి నుంచే. మేము వార్షికోత్సవం పెట్టేదీ అప్పుడే. తేదీ నిర్ణయించేటప్పుడు ముఖ్య అతిథి వీలు అడిగాం, షామియానా అబ్బాయి వీలు అడిగాం. తల్లుల వీలు ఎవరూ అడగలేదు. పైగా ఈ మధ్య రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. సాయంత్రం అయిదింటికి సభ మొదలుపెడితే ఇఫ్తార్ వేళకు ఏ తల్లి కూర్చోగలదు?

ఇది మన ఊరి సంగతే కాదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త అనెట్ లారో 1989లో 'హోమ్ అడ్వాంటేజ్' అనే గ్రంథం వెలువరించారు. శ్రామిక కుటుంబాల పిల్లలు చదివే బడినీ, కలిగిన కుటుంబాల పిల్లలు చదివే బడినీ దగ్గరగా పరిశీలించారు. పిల్లలు బాగా చదవాలన్న కోరిక రెండు చోట్లా ఉంది. కానీ శ్రామిక తల్లిదండ్రులు చదువు టీచరు పని అని నమ్మి దూరంగా నిలబడ్డారు. రెండో రకం వాళ్లు చొరవగా లోపలికి వచ్చారు. బడి ఆ దూరాన్ని నిర్లక్ష్యం అనుకుంటుంది. నేను చేసిన పొరపాటు సరిగ్గా అదే.

మన చట్టం ఈ దూరం తగ్గించాలనే చూసింది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు కావాలి. చాలాచోట్ల సంతకాలతో సరి. అయితే 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నింటిలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు, ఎప్పుడూ గడప తొక్కని తల్లులు మా బడికి వచ్చారు. ఎందుకంటే కార్డు పంపి ఊరుకోలేదు, ఇంటింటికీ వెళ్లి పిలిచాం. పిల్లల పక్కన కూర్చుని అన్నం తినమన్నాం. ఉపన్యాసాల కంటే ఆ భోజనమే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం.

తల్లిదండ్రులు వస్తే ఏమిటి లాభం అని దాతలు అడగవచ్చు. ఒక్క సంగతి చెబుతాను. పంక్చర్ షాపు నడిపే ఒకాయన కూతురు పదో తరగతి పాసైంది. ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి. బహుమతి సభకు ఆయనను దాదాపు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాం. నాలుగు వందలమంది ముందు కూతురి పేరూ, వెంట తన పేరూ మైకులో విన్నాడు. తర్వాతి వారం ఇంటర్ దరఖాస్తు కోసం ఆయనే వచ్చాడు. అందరి విషయంలో ఇలా జరుగుతుందని చెప్పను. కానీ స్కాలర్‌షిప్ చెక్కు బిడ్డ చేతికి వెళుతుంది, చదువు ఆపాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఇంట్లో జరుగుతుంది. ఆ ఇంటివాళ్లు సభలో లేకపోతే మీ డబ్బు సగం దారిలో ఆగిపోయినట్టే.

మన సభలో ముందు వరుస దాతలది, తర్వాతిది అతిథులది. తల్లులు షామియానా చివర, స్పీకరు పక్కన. ఫొటోలో బిడ్డ ఉంటుంది, దాత ఉంటారు, తల్లి ఉండదు. ముందు రెండు వరుసలు తల్లిదండ్రులకు ఇవ్వండి. బహుమతి తల్లి చేతుల మీదుగా ఇప్పించండి. వేదిక ఎక్కడానికి ఇష్టపడని ఆమెకు కుర్చీ దగ్గరకే వెళ్లి ఇవ్వవచ్చు. శాలువాలు నాలుగు తగ్గిస్తే దూరం నుంచి వచ్చే తల్లుల ఆటో ఖర్చు వెళ్లిపోతుంది. (శాలువాలు కప్పించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను.) ఇంగ్లీషు కార్డు ఎంత అందంగా ఉన్నా ఇంట్లో షెల్ఫు మీదే ఉంటుంది. మనలో ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి, నూర్‌బాషా కుటుంబాల్లా తెలుగే ఇంటి భాషగా ఉన్నవీ ఉన్నాయి. రెండు భాషల్లోనూ, నోటితో, గుమ్మం దగ్గర పిలవాలి.

ఈ ఏడాది సభ తేదీ ఇంకా ఖరారు కాలేదని కార్యదర్శిగారు చెప్పారు. మిర్చి పని మొదలుకాకముందు ఒక ఆదివారం, జొహర్ నమాజు తర్వాత పెట్టమని మనవి. తెలుగు కార్డు రాసే పని, పాత గుంటూరు వీధుల్లో ఇళ్లకు వెళ్లే పని నాకు అప్పగించండి. ఆ గేటు బయట నిలబడ్డ తల్లి ఇంటి నుంచే మొదలుపెడతాను. ఆమె రెండో కూతురు ఈసారి పదో తరగతి.