మన గ్రామముల వృత్తిదారుల డైరెక్టరీ: స్వల్పవ్యయముతో వెబ్‌సైటు ఏర్పాటు

2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల చెంత తీరమును దాటెను. దానికి ముందు కొన్ని దినములు డెల్టా గ్రామములలో రైతులు పడిన ఆతురతను మేము కన్నులార చూచితిమి. పండిన వరి చేనుననే నిలిచియుండెను. నేల తడిగా నున్నచోట చైను హార్వెస్టరు తప్ప వేరొకటి దిగజాలదు. మాకు తెలిసిన యొక రైతు సొసైటీ గోడపై వ్రాసియున్న మూడు నెంబర్లకు ఫోను చేసెను. మొదటిది పనిచేయుట లేదు. రెండవది వేరెవరి చేతికో పోయినది. మూడవవాడు పలికెను గాని వానిది టైర్ల యంత్రము. పొరుగూరిలో చైను యంత్రము ఒకటి ఆ దినమున ఖాళీగా నుండెనని మరునాడు తెలిసినది. అప్పటికే వాన మొదలయ్యెను. ఆ గోడపై నెంబర్లు వ్రాయించినవారిలో మేమును ఉంటిమి. తరువాత వానిని సరిచూడనివారిలోను మేమే యుంటిమి.

కావున ఈ నెల పాఠమున, సొసైటీ పరిధిలోని వృత్తిదారులకును వ్యాపారులకును సంబంధించిన డైరెక్టరీని వెబ్‌సైటు రూపమున తక్కువ ఖర్చుతో నెట్లు ఏర్పరచవచ్చునో వివరింతుము. మొదటనే ఒక మాట. వెబ్‌సైటు కట్టుట సులభము. దానిని సత్యముగా నిలుపుట కష్టము. చేతనున్న కొద్దిపాటి ధనమును ఈ రెండవదానికే ముఖ్యముగా వినియోగింపవలెను.

1. ఎల్లను నిర్ణయించుట

మొదటి టెలిఫోను డైరెక్టరీగా ఎన్నబడునది 1878 ఫిబ్రవరి 21వ తేదీన అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున వెలువడెను. అది యంతయు ఒకే యట్ట. అందున్నవి 50 పేర్లు. వైద్యులు, అంగళ్లు, మాంసము చేపల దుకాణములు, గుఱ్ఱపుబండ్ల శాలలు, ఇట్లు తెగలవారీగా వానిని అచ్చువేసిరి. ఆ పట్టణపు అవసరమునకు అంతమాత్రమే చాలెను.

దీనికి భిన్నముగా, 1994లో ఇద్దరు విద్యార్థులు ప్రారంభించిన యాహూ డైరెక్టరీ లోకములోని వెబ్‌సైట్లను మనుష్యులచేత వర్గీకరింప బూనెను. వెబ్‌సైట్లు లెక్కకు మిక్కిలియైన కొలది చేతిపని వానిని అందుకొనలేకపోయెను. జనులు గూగుల్ వంటి వెదకు సాధనములకు అలవాటుపడిరి. 2014 చివర నా డైరెక్టరీ మూతపడెను.

ఈ రెంటినుండి మనము నేర్వవలసినది స్పష్టము. ఒక మనిషి మోటారు సైకిలుపై రెండు దినములలో తిరిగి రాగలిగిన గ్రామములే మన డైరెక్టరీకి ఎల్ల. మొదట 50 పేర్లతో ఆరంభింపుడు. అవి నిజమైనవని లోకులు నమ్మిన పిదప తక్కినవి వానంతటవే వచ్చును.

2. సమాచారమును సేకరించుట

కంప్యూటరు వద్ద కూర్చుండుటకు ముందు నోటుబుక్కు పట్టుకొని ఊళ్లు తిరుగవలెను. మోటారు వైండింగు చేయువారు, బోరు మెకానిక్కులు, ట్రాక్టరు, రోటవేటరు, హార్వెస్టరు అద్దెకిచ్చువారు, మందు కొట్టువారు, కమ్మరి, వడ్రంగి, నాట్ల ముఠా మేస్త్రీలు, నారు అమ్మువారు, ధాన్యపు మిల్లులు, వీరే మన డైరెక్టరీకి ముఖ్యులు.

ప్రతివారిని ఏడు సంగతులు అడుగవలెను: పేరు, గ్రామము, చేయు పని, యంత్రము ఎట్టిది, ఏ మాసములలో ఏ వేళలందు దొరకుదురు, ఫోను నెంబరు, ఎంతదూరము రాగలరు. ఎనిమిదవదానిని మనమే వ్రాయవలెను: సమాచారమును సరిచూచిన తేదీ. యంత్రము ఎట్టిదో వ్రాయకున్నయెడల ఏమగునో పైన చెప్పితిమి. అద్దె ధరలు డీజిలు వెలతోడను, పని యొత్తిడితోడను మారుచుండును గనుక వానిని వ్రాయకుండుటే మేలు.

ఒకని ఫోను నెంబరును వాని అనుమతి లేక లోకమునకు ప్రకటింపరాదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును సమ్మతికి పెద్దపీట వేసినది. వ్రాసినదానిని వారికి చదివి వినిపించి సంతకము తీసికొనుడు. తీసివేయుమని యెప్పుడు కోరినను తీసివేయుడు. నాట్ల మేస్త్రీలుగా నున్న స్త్రీలలో కొందరు తమ నెంబరు అందరికి తెలియుటకు ఇష్టపడరు. అట్టివారికి బదులుగా సొసైటీ ఆఫీసు నెంబరును వేయవచ్చును.

3. పుటల నిర్మాణము

నోటుబుక్కులోని దానిని గూగుల్ షీట్స్ వంటి పట్టికలోనికి ఎక్కింపుడు. ఇదియే మూలప్రతి, తక్కినవన్నియు దీని నకళ్లు.

వెబ్‌సైట్లు రెండు తెఱగులు. ఒకదానిలో, చూడవచ్చినవారు అడిగినప్పుడెల్ల సర్వరు సమాచారమును వెదకి పుటను అల్లి యిచ్చును. వర్డ్‌ప్రెస్ ఇట్టిది. దీనికి అద్దెయు, తరచు అప్‌డేట్లును, దొంగలనుండి కావలియు కావలెను. రెండవదానిలో పుటలు ముందే తయారై యుండును. వీనిని స్టాటిక్ పుటలందురు. రెండు మూడు వందల పేర్లకు ఇవి చాలును. గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వంటి చోట్ల వీనిని ఉచితముగా నుంచవచ్చును. కొంత కంప్యూటరు చదువుకొన్న యువకుడు పట్టికనుండి ఈ పుటలను తయారుచేయగలడు.

అతనికి ఈ నాలుగు నియమములు చెప్పుడు. తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేయవలెను; పాత డి.టి.పి. ఫాంట్లలో కూర్చినదియు, బొమ్మగా పెట్టినదియు వెదకినచో దొరకదు. గ్రామముల పేర్లను, పనుల పేర్లను ఇంగ్లీషు అక్షరములలో కూడ వ్రాయవలెను. అట్లు వెదకువారు పెక్కుమంది. నెంబరుపై వ్రేలుంచిన తోడనే ఫోను మ్రోగవలెను. పెద్ద ఫోటోలు పెట్టరాదు. చేనిగట్టున సిగ్నలు చాలనిచోటను పుట తెరుచుకొనవలెను.

4. వెబ్‌సైటు పేరు

పేరును మనము కొనము, అద్దెకు తీసికొందుము. '.ఇన్' అను తోక గల పేరునకు సంవత్సరమునకు సాధారణముగా వేయి రూపాయల లోపే యగును. తొలి సంవత్సరము చౌకగా నిచ్చి, మరుసటి యేడు హెచ్చుగా తీసికొనువారు కలరు. కావున రెన్యూవలు ధరను ముందే అడుగుడు. ఆ పేరును సొసైటీ పేరిట, సొసైటీ ఈమెయిలుతోడనే తీసికొనవలెను. పుటలు కట్టిన యువకుని పేరిట నున్నయెడల, అతడు ఉద్యోగమునకై హైదరాబాదు పోయిన దినమున మన డైరెక్టరీయు అతనితో పోవును. గడువు తేదీని మినిట్సు పుస్తకమున వ్రాసికొనుడు.

5. సరిచూచుట

ఇదియే ఈ పాఠమునకు ప్రాణము. మూడు మాసముల కొకసారి, అందును నాట్లకు, కోతలకు ముందు తప్పక, ప్రతి నెంబరునకు ఫోను చేయవలెను. 150 పేర్లకు ఒక్కొక్కరికి మూడు నిమిషముల చొప్పున 450 నిమిషములు, అనగా ఏడున్నర గంటలు పట్టును. ఏడాదికి నాలుగు పర్యాయములకు 30 గంటలు. వేర్వేరు దినములలో రెండుమార్లు చేసినను పలుకనివారి పేరును తాత్కాలికముగా తీసివేయుడు. ప్రతి పేరు క్రిందను సరిచూచిన తేదీ కనబడవలెను. తేదీ లేని నెంబరు తేదీ లేని విత్తనపు సంచి వంటిది. మొలచునో లేదో చల్లువానికి తెలియదు.

పేరు అద్దె పోగా మిగిలిన సొమ్మును ఈ పని చేయువానికి పారితోషికముగా నిండు. రంగులకు, హంగులకు ఖర్చుచేసి దీనిని మానుట ఇసుకపై ఇల్లు కట్టుటయే.

6. పక్షపాతము కూడదు

పేర్లు గ్రామముల వరుసలో, అక్షరక్రమమున నుండవలెను. డైరెక్టరు గారి ట్రాక్టరైనను మొదట వేయరాదు. సొమ్ము తీసికొని ప్రకటన వేసినచో అది ప్రకటన యని వ్రాయవలెను. ఒకసారి పక్షపాతము కనబడినచో రైతు మరల ఆ పుటను తెరువడు.

స్మార్టుఫోను లేని పెద్దలు అనేకులు కలరు. కావున సరిచూచిన ప్రతిసారి అదే పట్టికను పెద్ద అక్షరములతో అచ్చువేసి, పైన తేదీ వేసి, సొసైటీ గోడకు అంటింపుడు. పాత కాగితమును చింపివేయుడు.

రైతు సోదరులారా, పని ముగియకమునుపే వాన రాకుండునట్లు చేయుట మన చేతిలో లేదు. వాన వచ్చులోపల పలుకు నెంబరును మన సోదరుని చేతికిచ్చుట మన చేతిలోనే యున్నది. రాబోవు కోతలకు ముందే ఒక నోటుబుక్కు కొనుడు.