ఇంట్లోకి ఉడుత వస్తే శుభమా, అశుభమా? తరిమే ముందు ఇది తెలుసుకోండి



"ఉడుత పూజగదిలోకి వస్తోందండీ, వత్తులు ఎత్తుకుపోతోంది, కొబ్బరిచిప్ప కొరికేస్తోంది. ఏమైనా దోషమా?" ఇది చాలామందికి వచ్చే సందేహమే. భయపడకండి. అది మీకు శకునం చెప్పడానికి రాలేదు. కొబ్బరి తిండి కోసం, పత్తి గూడు కోసం. అంతే.

ఉడుతాభక్తి కథ

సేతువు కట్టేటప్పుడు ఉడుత నీళ్ళలో మునిగి, ఇసుకలో దొర్లి, ఆ ఇసుకను వారధి మీద దులిపిందని, రాముడు ప్రేమగా వీపు నిమిరితే చారలు పడ్డాయని మనందరం విన్నాం. ఈ కథ వాల్మీకి రామాయణంలో లేదు. తెలుగులో గోన బుద్ధారెడ్డి గారి రంగనాథ రామాయణంలో ఉంది. మన వైపు ఎక్కువగా కనిపించే ఉడుతకు వీపు మీద 3 తెల్లని చారలు ఉంటాయి. ఉత్తరాదిలో 5 చారలవి కూడా ఉన్నాయి.

రాముడు దాని సాయం చిన్నదని తోసెయ్యలేదు. నవమి రోజు ఈ కథ పిల్లలకి చెప్పి, మర్నాడు ఉడుత మీదకి చీపురు విసిరితే పిల్లలు ఏది నేర్చుకుంటారు?

గదిలోకి వచ్చినప్పుడు

1. ముందు ఫ్యాన్ ఆపండి. బెదిరిన ఉడుత పైపైకే ఎక్కుతుంది.
2. మిగతా గదుల తలుపులు వేసెయ్యండి. దీపం వెలుగుతుంటే కొండెక్కించండి.
3. బయటికి తెరుచుకునే కిటికీ ఒకటి పూర్తిగా తీయండి. మిగతా కిటికీలకి కర్టెన్లు వేయండి, లేకపోతే అద్దానికి కొట్టుకుంటుంది.
4. లైటు ఆపి మీరు బయటికి వచ్చేయండి. వెలుతురు ఉన్న వైపే అది దారి వెతుక్కుంటుంది.

చేత్తో పట్టుకోవద్దు. కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టరుకి చూపించండి. జిగురు అట్టలు, విషం అసలు వద్దు. జిగురులో చిక్కిన ప్రాణి వెంటనే చావదు, గంటల తరబడి గిలగిల్లాడుతుంది.

గూడు కట్టేసి ఉంటే

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. ఏసీ వెనక, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నంలో, వెంటిలేటర్ మీద పీచు, పత్తి, గుడ్డపీలికలు కనిపిస్తే అది గూడే. మేస్త్రీని పిలిచి సిమెంటు పెట్టించేస్తాం. మనసులో కోపం ఉండదు, చంపాలనీ ఉండదు. కానీ లోపల పిల్లలు ఉంటే? తల్లి బయట అరుస్తూ ఉంటుంది, పిల్లలు లోపల ఆకలితో పోతాయి. తెలియక జరిగినా ప్రాణం ప్రాణమే కదండీ.

ఒక ఈతకి సాధారణంగా 2, 3 పిల్లలు పుడతాయి. ఒంటి మీద బొచ్చు ఉండదు, కళ్ళు తెరవవు. పాలు మానడానికి సుమారు 10 వారాలు పడుతుంది. అందుకని ముందు టార్చి వేసి చూడండి. పిల్లలు ఉంటే అవి బయట తిరిగేదాకా ఆగండి. ఏమీ కనిపించకపోతే కన్నంలో కాగితం వదులుగా కుక్కండి. 3 రోజులు అది కదలకుండా ఉంటే లోపల ఎవరూ లేనట్టే. అప్పుడు ఇనుప జాలీ బిగించండి. ప్లాస్టిక్‌ది కొరికేస్తుంది. దాని ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి మరి.

పిల్ల కింద పడితే ఆవుపాలు పట్టకండి. మెత్తని గుడ్డ పరిచిన చిన్న పెట్టెలో పెట్టి, పిల్లులూ కాకులూ అందుకోని చోట, గూటి దగ్గరే నీడలో ఉంచి దూరంగా జరగండి. తల్లి వచ్చి నోట కరుచుకుని తీసుకెళ్తుంది. చీకటి పడేదాకా రాకపోతే పశువైద్యుడిని అడగండి.

మళ్ళీ రాకుండా

పూజ అయ్యాక కొబ్బరి, పళ్ళు, అటుకులు మూత పెట్టండి. వత్తులు డబ్బాలో దాచండి. దాని వాటా మాత్రం బయట, గోడ మీదో చెట్టు కిందో పెట్టండి, పక్కన వెడల్పాటి మూకుడులో కాసిని నీళ్ళు. బయటే దొరికితే లోపలికి రావాల్సిన అవసరం తగ్గుతుంది.

సేతువుకి ఉడుత చేసింది పిడికెడు ఇసుక సాయం. దాని పిల్లల కోసం మనం కొన్నాళ్ళు ఓ కన్నం మూయకుండా ఆగడం కూడా ఉడుతాభక్తే.

జై శ్రీరామ్.