ఎల్ నినో వస్తే కరువు తప్పదా?

ఏటా ఏప్రిల్‌లో వాతావరణ శాఖ రుతుపవనాల అంచనా వెలువడగానే అందరూ వెతికే మాట ఒక్కటే: ఎల్ నినో. అది వస్తోందంటే ఇక వానలు లేనట్టేనని అనుకుంటాం. కానీ 1997లో గత శతాబ్దంలోకెల్లా బలమైన ఎల్ నినోల్లో ఒకటి ఏర్పడింది. అయినా మన నైరుతి రుతుపవన వర్షపాతం సగటులో 102 శాతం నమోదైంది. 2002లో వచ్చినది అంతకన్నా ఎంతో బలహీనమైనది. ఆ ఏడు వర్షపాతం 81 శాతానికి పడిపోయింది. జూలైలో కురవాల్సిన దాంట్లో దాదాపు సగమే కురిసింది. ఎందుకీ తేడా?

ముందుగా పసిఫిక్ సంగతి చూద్దాం. అక్కడ భూమధ్యరేఖ దగ్గర వ్యాపార పవనాలు తూర్పు నుంచి పడమరకు వీస్తూ, ఎండకు వేడెక్కిన పైనీటిని ఇండోనేషియా వైపు నెడతాయి. అందుకే అక్కడ సముద్రమట్టం పెరూ తీరంలో కన్నా దాదాపు అర మీటరు ఎత్తులో ఉంటుంది. పెరూ దగ్గర నీరు తరలిపోయిన చోటికి లోతుల్లోంచి చల్లని నీరు పైకి వస్తుంది. దానితోపాటు పోషకాలూ వస్తాయి కాబట్టి అక్కడ చేపలకు కొదవ ఉండదు. ఇండోనేషియా వైపు వెచ్చని నీటిపై గాలి పైకి లేచి, మేఘాలై కురుస్తుంది. ఆ పవనాలు బలహీనపడితే వేడి నీరు తూర్పుకు జరుగుతుంది. మేఘాలూ దాని వెంటే పోతాయి. ఇదే ఎల్ నినో. గాలి ఒకచోట లేస్తే మరోచోట దిగాలి కదా! అది మన మీద దిగితే మేఘాలు ఎదగవు.

ఈ బంధాన్ని మొదట పట్టుకున్నది మన దేశంలోనే. 1877, 1899 కరువుల తర్వాత, వానలను ముందే చెప్పగలమా అన్న ప్రశ్నతో 1904లో వాతావరణ శాఖ అధిపతిగా వచ్చినవాడు గిల్బర్ట్ వాకర్. ఆయన గణిత శాస్త్రవేత్త. వాతావరణ శాస్త్రం ఆయన చదువుకున్నది కాదు. ప్రపంచమంతటి పీడన లెక్కలను పోల్చి, తూర్పు పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, తక్కెడలా ఇటూ అటూ ఊగుతుందని చూపాడు. కారణం మాత్రం ఆయనకు అందలేదు. సముద్రపు వేడితో దాన్ని ముడిపెట్టినవాడు బ్యర్క్‌నెస్, 1969లో.

మరి 1997? ఆ ఏడు హిందూ మహాసముద్రంలోనూ మార్పు వచ్చింది. ఆఫ్రికా వైపు నీరు వేడెక్కింది, సుమత్రా వైపు చల్లబడింది. దీన్ని ధన డైపోల్ అంటారు. చల్లబడిన సుమత్రా సముద్రంపై దిగిన గాలి బంగాళాఖాతం వైపు మళ్లి, మన రుతుపవనాలకు ఊతమిచ్చింది. అదే డైపోల్ ఇండోనేషియాలో కరువును, అడవుల మంటలను పెంచింది. తూర్పు ఆఫ్రికాను వరదల్లో ముంచింది. భారతీయ, జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించి 1999లో ప్రకటించారు.

అలాగని డైపోలే అన్నింటికీ జవాబు కాదు. పసిఫిక్‌లో ఎక్కడ వేడెక్కిందన్నదీ ముఖ్యమే. 1997లో వేడి ఎక్కువగా తూర్పున ఉంది. 2002లో మధ్య పసిఫిక్‌లో. వేడి మధ్యలో ఉన్నప్పుడే గాలి మన మీద దిగే అవకాశం ఎక్కువ.

2023లో ఎల్ నినో, ధన డైపోల్ రెండూ వచ్చాయి. ఆగస్టు 1901 తర్వాత అంత పొడిగా ఎప్పుడూ లేదు. సెప్టెంబరులో మాత్రం సగటును మించి వానలు పడ్డాయి. మొత్తం లెక్క 94 శాతం తేలింది. అయితే ఆగస్టులో వాడిపోయిన పైరు ఆ లెక్కలో కనిపించదు.