వాయువులోని అయానుల మెల్లని కలయికను కొలుచు విధము

అంబర్‌పేట నుండి ఉత్తరముగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును దాటి పోయినచో తార్నాక వచ్చును. అచ్చట రసాయన పరిశోధనాలయ మొకటి కలదు. అది 1944 వ సంవత్సరమున హైదరాబాదు సంస్థానములో స్థాపింపబడి, 1956 లో శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలిలో చేరి, 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేర బరగుచున్నది. అణువుల బరువును తూచు మాస్ స్పెక్ట్రోమీటరు లను యంత్రము లందు గలవు. ఆ త్రాసున తూగవలయునన్న అణువు ముందుగా విద్యుదావేశమును పొందవలెను. అట్టి ఆవేశము గల అణువునే అయాను అందురు. అణువును విరుగగొట్టక అయానుగా మార్చుట యెట్లు? ఈ ప్రశ్నకు జవాబు అయానుల మెల్లని కలయికను కొలుచుటయందే దొరకినది.

విద్యార్థులారా! కట్టె మండుటకు ముందు నిప్పు తగిలింపవలెను గదా. సాధారణముగా రసాయనిక చర్యలు వేడిచే త్వరపడును, చలిచే మందగించును. అయానుల తీరు వేరు. పొడి తలను దువ్విన దువ్వెన, ఆవేశము లేని కాగితపు ముక్కలను సహితము తనవైపునకు లాగుట మీరు చూచియే యుందురు. అయాను కూడ దగ్గరకు వచ్చిన అణువు నిట్లే లాగుకొనును. ఈ ఆకర్షణను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు లాంజెవాన్ 1905 లో గణితముతో నిరూపించెను. వేగముగా పోవు అణువు ఈ లాగుడునకు చిక్కక తప్పించుకొని పోవును. మెల్లగా పోవునది దూరమునుండియే చిక్కును. మెల్లనిదానికి ఎదురుపాట్లు తక్కువయైనను చిక్కుట యెక్కువ. ఈ రెండును సరిపడుటచే, చలి హెచ్చినను అనేక చర్యల త్వర తగ్గదు. నీరు, అమ్మోనియా వంటి ధ్రువములు గల అణువులతోనైన చలియందు త్వర మరింత హెచ్చును.

ఇక కొలుచు విధము. మొదట యంత్రము నానావిధములైన అయానులలో నొక్క బరువు గలవానినే వడగట్టును. పిదప వానిని పలుచని వాయువు గల గదిలోనికి విడిచి, కొంతకాలము నిలిపి, మిగిలినవానిని, క్రొత్తగా పుట్టినవానిని వేరువేరుగా లెక్కించును. ఉదాహరణమునకు మీథేను వాయువును గైకొందము. మీథేను అయాను బరువు 16. అది మరియొక మీథేను అణువునుండి ఉదజని నొకదానిని గైకొని 17 బరువు గల అయాను అగును. గదిలో ఘన సెంటీమీటరునకు లక్షకోట్ల అణువు లున్నవనుకొందము. ఇది మనము పీల్చు గాలికంటె సుమారు రెండున్నర కోట్ల రెట్లు పలుచన. 16 బరువు గల అయానులు 1000 విడిచినచో, సెకనులో వెయ్యవ వంతు గడచుసరికి ఇంచుమించు 333, మరి యంతకాలమునకు 111, ఆపైన 37 మిగులును. ప్రతిసారియు మూడవ వంతే మిగులుట గమనింపుడు. తగ్గినవన్నియు 17 బరువు వద్ద కానవచ్చిన, లెక్క సరిపోయినదని యర్థము.

అయినను కొలత నంత త్వరగా నమ్మరాదు. వాయువును రెట్టింపు చేసినచో త్వరయు రెట్టింపు కావలెను. వాయువు నసలే విడువకున్నను అయానులు తగ్గుచున్నచో, పాత్రలో మిగిలిన నీటియావిరియో మరియే మలినమో వానిని హరించుచున్నదనియో, అవి గోడలను తాకి నశించుచున్నవనియో తెలిసికొని, ఆ నష్టమును తీసివేయవలెను.

అయానుల వేగమును గూర్చియు జాగ్రత్త కావలయును. మీథేను అయానును ఒక్క వోల్టుతో త్రోసినచో, సమాన బరువు గల మీథేను అణువును తాకునప్పుడు అందు సగము, అనగా 0.5 ఎలెక్ట్రాను వోల్టు మాత్రమే చర్యకు లభించును. మన గదులలోని వేడియందు అణువుల సగటు గమనశక్తి సుమారు 0.04 మాత్రమే. కావున ఒక్క వోల్టు కూడ పండ్రెండు రెట్ల కంటె నెక్కువ త్రోపు! అందుచే అయానులను విద్యుత్ క్షేత్రములతో బంధించి, చల్లని హీలియముచే నెమ్మదింపజేసి, పిమ్మట కొలుతురు.

ఈ శ్రమ యెందుకని యడుగుదురేమో. 70 ఎలెక్ట్రాను వోల్టుల శక్తి గల ఎలెక్ట్రానులతో కొట్టినచో ఔషధపు అణువు తరచుగా ముక్కలగును. దాని పూర్తి బరువు తెలియకపోవచ్చును. 17 బరువు గల మీథేను అయానో, తనయందలి ప్రోటాను నొకదానిని ఆ అణువునకు మెల్లగా అందించును. అణువు విరుగక ఒక్క ప్రమాణము బరువు పెరిగి తూగును. ఈ పద్ధతిని 1966 లో అమెరికాలో మన్సన్, ఫీల్డ్ అను వారు ప్రకటించిరి. ఇట్లు అణువులకు ఆవేశము నిచ్చు అసాధారణమైన అయానులను గూర్చి తార్నాక పరిశోధకులగు వైరమణి, మీర్జా, శ్రీనివాస్ గార్లు 1990 లో సమీక్షా వ్యాసమును ప్రకటించిరి.

నక్షత్రముల నడుమ కటికచలి మేఘములలో సహితము ఇట్టి కలయికలే అణువులను నిర్మించుచున్నవి. మూడు ఉదజని పరమాణువుల అయాను అచ్చట నున్నట్లు 1996 లో వెల్లడియయ్యెను. అచ్చటికి పోయి కొలువజాలము. కాని ఇచ్చట చలిపరచిన పాత్రలో కొలిచిన త్వరను బట్టి అచ్చటి సంగతి నూహింపవచ్చును.

కావున విద్యార్థులారా, ప్రయోగశాలలో మీ లెక్క సరిపోయిన వెంటనే సంతసింపక, వాయువు లేని పాత్రను సహితము ఒకసారి కొలిచి చూడుడు. ఆ రెండవ కొలతయే మొదటి కొలతకు సాక్షి.