షట్టర్ లేని షాపుకు కస్టమర్లు

2007లో బెంగళూరులోని గంగారామ్స్ పుస్తకాల షాపు బయట ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి, పుస్తకాలు కొనుక్కుని వస్తున్నవాళ్ళ చేతుల్లో బుక్‌మార్కులు పెట్టేవారు. ఇద్దరూ ఐఐటీ ఢిల్లీలో చదివారు, ఇద్దరూ అమెజాన్‌లో ఇంజినీర్లుగా చేసి మానేశారు. పేర్లు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్. ఆ బుక్‌మార్కుల ద్వారా వాళ్ళు ప్రచారం చేసుకున్నది తాము కొత్తగా తెరిచిన ఆన్‌లైన్ పుస్తకాల షాపు ఫ్లిప్‌కార్ట్‌ను. ఇంత చదువు చదివి రోడ్డు మీద నిలబడి కాగితాలు పంచడమేమిటని వాళ్ళు వెనక్కి తగ్గలేదు. పుస్తకాలు కొనే అలవాటున్నవాళ్ళు ఎక్కడ దొరుకుతారో అక్కడికే వెళ్ళారు.

ఆ ఆన్‌లైన్ షాపుకు బోణీ చేసింది మన మహబూబ్‌నగర్. జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ద వరల్డ్' కావాలంటూ అక్కడి నుంచి మొదటి ఆర్డర్ వచ్చింది. తీరా చూస్తే ఆ పుస్తకం చేతిలో లేదు. బెంగళూరు షాపులన్నీ గాలించి, దొరకబుచ్చుకుని పంపించారు. 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి సుమారు 77 శాతం వాటా కొన్న కంపెనీ మొదటి బేరం అలా కుదిరింది.

ఇవాళ వాట్సాప్‌లో క్యాటలాగ్ పెట్టుకున్న చీరల వ్యాపారికైనా, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆత్రేయపురం పూతరేకులు అమ్మే గృహిణికైనా మొదట్లో ఒకటే దిగులు: పేజీ అయితే పెట్టాం, కొనేవాళ్ళేరీ? ఎవరిని అడిగినా యాడ్స్ పెట్టమంటారు. యాడ్స్ వల్ల చూసేవాళ్ళు పెరుగుతారు, నిజమే. కొనడం వేరే సంగతి. వీధిలో కొట్టయితే కస్టమర్ బట్ట పట్టుకుని చూస్తాడు, పచ్చడి వాసన చూస్తాడు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి ముఖం చూస్తాడు. ఫోన్‌లో ఈ మూడూ ఉండవు. అమ్మే మనిషి తీసిన ఫొటోలు, రాసిన నాలుగు మాటలు, ఇచ్చిన జవాబులు, అంతే. అందుకే చిన్న ఆన్‌లైన్ షాపులో సరుకు కంటే ముందు కస్టమర్ కంటపడేది యజమాని స్వభావం. దానికి సానపెట్టుకోవడం ఏ మార్కెటింగ్ కోర్సుకైనా ముందు జరగాల్సిన పని.

మొట్టమొదట అడ్డుపడేది మొహమాటం. మన ఇళ్ళలో దీన్ని మంచితనం కింద లెక్కేసి పెంచుతారు కూడా. 'నేను చీరలు అమ్ముతున్నానండీ, ఒకసారి చూడండి' అని తెలిసినవాళ్ళకు చెప్పడానికి నోరు రాదు. చుట్టాలావిడ ఎవరో 'డబ్బులు తర్వాత ఇస్తాలేమ్మా' అంటే, 'లేదు పిన్నీ, ఎవరికైనా ముందే తీసుకుంటున్నాను' అనడానికీ నోరు రాదు. మొదటిదాని వల్ల బేరం రాదు. రెండోదాని వల్ల వచ్చిన బేరం మిగలదు. ఈ రెండు మాటలూ నవ్వు ముఖంతో, నసుగుడు లేకుండా చెప్పడం సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది. అద్దం ముందు కాదు, రోజుకు ఒక్క మనిషి దగ్గరైనా చెప్పి చూడాలి.

గడప దాటి వెళ్ళడానికి సిగ్గుపడకపోతే ఏమవుతుందో, ప్రయాణికులకు ఇళ్ళు అద్దెకిప్పించే వెబ్‌సైట్ ఎయిర్‌బీఎన్‌బీ కథ చెబుతుంది. 2009 నాటికి ఆ కంపెనీ ఆదాయం వారానికి 200 డాలర్ల దగ్గర ఆగిపోయింది. వెబ్‌సైట్‌లో న్యూయార్క్ ఇళ్ళ ఫొటోలు నాసిగా ఉన్నాయని కనిపెట్టిన వ్యవస్థాపకులు మంచి కెమెరా అద్దెకు తీసుకుని, ఆ ఊరు వెళ్ళి, ఇంటింటి తలుపూ తట్టి తామే ఫొటోలు తీశారు. వారం తిరిగేసరికి ఆదాయం రెట్టింపైంది.

ఫొటో అంటే గుర్తొచ్చింది, చీరల షాపుల్లో సగం గొడవలు అక్కడే పుడతాయి. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీస్తే మెరూన్ రంగు నల్లగా పడుతుంది. ఫిల్టర్ వేస్తే ఎర్రబడుతుంది. పార్సిల్ విప్పిన మనిషికి మూడో రంగు కనిపిస్తుంది. పొద్దున కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట చీర పరిచి అంచు ఒకటి, కొంగు ఒకటి, తిరగేసి వెనకవైపు ఒకటి, జాకెట్టు గుడ్డ ఒకటి తీస్తే చాలా ప్రశ్నలు అడగకుండానే తీరిపోతాయి. కొండపల్లి బొమ్మయితే పక్కన చెయ్యి పెట్టి తీయాలి, ఎంత ఉందో తెలుస్తుంది.

పోచంపల్లి ఇక్కత్ అమ్మేవాళ్ళకు ఇంకో చిక్కుంది. అక్కడ బట్ట నేశాక రంగులద్దరు. దారాన్నే ముందు సాగదీసి, రంగు అంటకూడదనుకున్న చోట రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గమెక్కిస్తారు. అందుకే డిజైన్ అంచులు గీత గీసినట్టుండవు, కాస్త చెదిరినట్టుంటాయి. తెలియని కస్టమర్ 'ప్రింట్ సరిగా పడలేదండీ' అని ఫోన్ చేస్తారు. సరుకు తెలిసిన అమ్మకందారు ఆ చెదిరిన అంచునే దగ్గరగా ఫొటో తీసి, ఎందుకలా ఉందో రెండు వాక్యాల్లో ముందే రాసిపెడతారు. అసలు ఇక్కత్‌లో డిజైన్ రెండు పక్కలా ఒకేలా కనబడుతుందనీ, మిల్లుబట్ట మీద అద్దిన ప్రింట్‌కు వెనకవైపు వెలిసినట్టుంటుందనీ కూడా రాస్తారు. చవక ప్రింట్ల మధ్య తన చీరకు ఎక్కువ ధర ఎందుకో చెప్పడానికి ఇంతకంటే మంచి మాట దొరకదు. అయితే అవి రాయాలంటే తాను అమ్మేదాని గురించి తెలుసుకోవాలన్న తపన ఉండాలి. మగ్గం దగ్గర ఓ పూట కూర్చుని, నేసేవాళ్ళను అడిగి తెలుసుకునే ఓపిక ఉండాలి.

లోపాన్ని దాచకుండా చెబితే బేరం పోతుందని భయపడేవాళ్ళు పియరీ ఒమిడియార్ సంగతి వినాలి. 1995లో ఆయన పెట్టిన వేలం వెబ్‌సైట్‌లో తొలిరోజుల్లో అమ్ముడైంది ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్. ధర 14.83 డాలర్లు. పాడైందని ముందే చెప్పినా, ఆయనకు మనసొప్పక పాటదారుకు మళ్ళీ రాశారు: ఇది పనిచేయదు, తెలుసా అని. తాను పాడైన లేజర్ పాయింటర్లే సేకరిస్తుంటానని జవాబొచ్చింది. ఆ సైటే తర్వాత ఈబే అయింది. డబ్బు చేతికొచ్చే వేళ కూడా 'ఇది మీకు పనికొస్తుందా' అని ఇంకోసారి అడగగలగడం అరుదైన గుణం. కస్టమర్ దాన్ని మరిచిపోడు.

రివ్యూలకూ ఇదే వర్తిస్తుంది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన స్పీగెల్ రీసెర్చ్ సెంటర్ 2017లో విడుదల చేసిన పరిశీలనలో, జనం కొనే అవకాశం 4.0 నుంచి 4.7 రేటింగ్ మధ్య ఎక్కువగా ఉండి, 5కు దగ్గరయ్యేకొద్దీ తగ్గింది. అంతా బాగుందంటే జనం నమ్మరు. 'కారం కాస్త ఎక్కువైంది' అన్న ఒక రివ్యూ కింద 'అవునండీ, ఇది గుంటూరు మిరపకాయ. తక్కువ కారంతో కూడా చేస్తున్నాం' అన్న జవాబుంటే, చదివినవాళ్ళకు అక్కడ మనిషున్నాడని తెలుస్తుంది. చుట్టపక్కాల చేత దొంగ రివ్యూలు రాయించుకోవడం మర్యాదా కాదు, క్షేమమూ కాదు. అమ్మకందారే కస్టమర్ వేషంలో రివ్యూ రాయకూడదని మన దేశపు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది.

ఖర్చు దాచడం ఇంకో రకం అబద్ధం. ఆన్‌లైన్‌లో బుట్టలో వేసుకున్నవాటిలో సుమారు 70 శాతం కొనకుండానే వదిలేస్తారని బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ లెక్కగట్టింది. ఊరికే చూసిపోయేవాళ్ళను పక్కనపెడితే, అన్నిటికంటే పెద్ద కారణం చివర్లో బయటపడే షిప్పింగ్ లాంటి అదనపు ఖర్చులే. పచ్చడి కిలో ఎంతో, హైదరాబాద్‌కు కొరియర్ ఎంతో, డల్లాస్‌కు ఎంతో మొదటి పేజీలోనే రాసేస్తే కొందరు అక్కడే ఆగిపోతారు. మిగిలినవాళ్ళు కొంటారు.

ఇక కోపం. 'ధర ఎక్కువుంది కదండీ' అన్న మాట రోజుకు పదిసార్లు వినాల్సి వస్తుంది. కష్టపడి ఎండలో మామిడికాయ ముక్కలు కొట్టించినవాళ్ళకు ఆ మాట గుచ్చుకుంటుంది. కానీ బేరమాడటం మన బజారు అలవాటు, అవమానించడం కాదు. 'అవునండీ, ఎక్కువే. నువ్వుల నూనె వాడతాం, నూనె ఖర్చే ఎక్కువ. ముందు పావుకిలో తీసుకుని రుచి చూడండి' అంటే సరిపోతుంది. వాట్సాప్‌లో పంపిన దురుసు మాట నిమిషాల్లో ఊరంతా తిరుగుతుంది. తిక్కరేగినప్పుడు ఫోన్ పక్కన పెట్టి, కాసేపాగి రాయడం అలవాటు చేసుకున్నవాళ్ళు ఎన్నో కష్టాలు తప్పించుకుంటారు.

అమెరికాలో జాప్పోస్ అనే ఆన్‌లైన్ చెప్పుల కంపెనీ కస్టమర్ పట్ల ఈ ఓపికను ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. కస్టమర్ అడిగిన జత తమ దగ్గర లేకపోతే, కనీసం మూడు పోటీ వెబ్‌సైట్లలో వెతికి ఎక్కడుందో చెప్పమని సిబ్బందికి నేర్పింది. ఆ బేరం పోయినా మనిషి తిరిగొస్తాడన్న ధీమా అది. ఆ కంపెనీని 2009లో అమెజాన్ కొనేసింది.

మాట మీద నిలబడటం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, చేస్తే చాలు. గురువారం పంపుతామన్న పార్సిల్ కుదరదని బుధవారమే తెలిస్తే, బుధవారమే మెసేజ్ పెట్టాలి. అడిగేదాకా ఆగకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని ఆ ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. చిన్న షాపుకు అందులో సగం సమయం కూడా అక్కర్లేదు. ఫ్లిప్‌కార్ట్ 2010లో సరుకు చేతికందాకే డబ్బులు తీసుకునే పద్ధతి తెచ్చింది, ముఖం తెలియని షాపుకు ముందే డబ్బు కట్టడానికి జనం జంకేవాళ్ళు కాబట్టి. చిన్నవాళ్ళు ఆ పద్ధతి పెడితే, కస్టమర్ వద్దన్నప్పుడు రానుపోను కొరియర్ ఖర్చు నెత్తిన పడుతుంది. దానికి బదులు ప్యాక్ చేసేముందు వీడియో కాల్‌లో సరుకు చూపించవచ్చు, కట్టిన పార్సిల్ ఫొటో, ట్రాకింగ్ నంబరు అదే రోజు పంపవచ్చు.

కొత్తవాళ్ళ వేటలో పడి పాతవాళ్ళను మరిచిపోవడం చాలామంది చేసే పని. అమెరికన్ రచయిత కెవిన్ కెల్లీ 2008లో ఒక వ్యాసంలో, సొంతంగా ఏదైనా సృష్టించి బతకాలనుకునే మనిషికి లక్షలమంది అక్కర్లేదు, వెయ్యిమంది నికార్సయిన అభిమానులు చాలన్నాడు. ఇంట్లో పచ్చళ్ళు పట్టి అమ్మేవాళ్ళకు వెయ్యి కూడా ఎక్కువే. వందిళ్ళ వాళ్ళు ఏటా తీసుకుంటే చేతినిండా పనే. ఒక నోట్‌బుక్‌లో ఎవరికి కారం తక్కువ కావాలో, ఎవరికి వెల్లుల్లి పడదో, ఎవరి అబ్బాయి ఆగస్టులో అమెరికా వెళ్తున్నాడో రాసుకోవాలి. మే నెలలో కొత్త ఆవకాయ కలిపిన రోజున మొదటి మెసేజ్ వాళ్ళకే వెళ్ళాలి, యాడ్ ఆ తర్వాత.