సైనికవంశచరిత్రాన్వేషణము - ప్రమాణవిచారము

తమ పూర్వులలో ఎవరో ఒకరు యుద్ధభూమిని నిలిచినవారని చెప్పుకొను కుటుంబములు తెలుగుదేశమున పెక్కు కలవు. ఇంటిపేరు, ఊరిబయట వీరగల్లు, వృద్ధులు చెప్పెడి కథ, పెట్టెలో భద్రపరచిన రాగిరేకు - ఇవి ఆ నమ్మికకు మూలములు. వీనిలో ఏది ఎంతవరకు ప్రమాణమో నిర్ణయించుమని వారు తరచుగా ప్రాచ్యకళాశాలల పండితులనే ఆశ్రయింతురు. ఈ నిర్ణయమునకు న్యాయమీమాంసాశాస్త్రములలోని ప్రమాణవివేకము మిక్కిలి ఉపకరించును.

మొదట ఐతిహ్యమును గ్రహింపవలెను. పౌరాణికులు దీనిని ప్రత్యేకప్రమాణముగా నంగీకరించిరి. గౌతముడు న్యాయసూత్రముల ద్వితీయాధ్యాయమున దీనిని శబ్దమునందే చేర్చెను. మొదట చెప్పినవాడెవడో తెలియక పరంపరగా వచ్చెడి మాట ఐతిహ్యమని భాష్యకారుని వివరణము. ఇందలి ఫలితార్థము స్పష్టము. మాట ప్రాచీనమగుటచేతనే ప్రమాణము కాదు. చెప్పినవాడు ఆప్తుడైననే అగును. కనుక కుటుంబకథను వినిన అన్వేషకుడు దానిని తిరస్కరింపరాదు, వెంటనే స్వీకరింపనురాదు. ఎవరు, ఎప్పుడు, ఎవరివలన విని చెప్పిరో వ్రాసికొనవలెను.

వెలుగోటివారి వంశావళి దీనికి మంచి నిదర్శనము. నేలటూరి వేంకటరమణయ్యగారి పరిష్కరణమున 1939లో మద్రాసు విశ్వవిద్యాలయము దీనిని ప్రకటించినది. రేచర్ల వెలమనాయకుల యుద్ధములు ఇందు తరతరములుగా వర్ణింపబడినవి. మూలపురుషునకు బేతాళునివలన నిధి లభించెననియు, అందులకై సేవకుడు రేచడు తన్ను బలిగా సమర్పించుకొనెననియు, అతని పేరే వంశమునకు నిలిచెననియు ఈ వంశపు ఐతిహ్యము. బేతాళుడు చరిత్రకు విషయము కాడు. కాని రాజ్యమేలిన వంశము తన పేరు ఒక సేవకుని త్యాగమువలన వచ్చినదని చెప్పుకొనుట ఆలోచింపదగినది. కథలోని ఘటన సిద్ధింపకపోయినను, ఆ వంశము తన్ను గూర్చి ఏమి స్మరింపగోరెనో అది సిద్ధించుచున్నది.

ఇచట ఒక దోషమును పరిహరింపవలెను. పాలంపేట రామప్పదేవాలయమును నిర్మించి, 1213లో శాసనమును వేయించిన గణపతిదేవుని సేనాని రుద్రుడును రేచర్లవాడే. తరువాత రాచకొండ, దేవరకొండలను పాలించిన వెలమప్రభువులును రేచర్లవారే. ఇంతమాత్రముచేత ఉభయులదియు ఒకే వంశమని చెప్పుట సాహసము. నామసామ్యము సవ్యభిచారహేతువు, వంశభేదమున్నచోటను అది కనబడును. తండ్రికొడుకుల సంబంధమును తెలుపు ఆధారము లభించినప్పుడే వంశైక్యము సిద్ధించును. నేటి కుటుంబములు ఇంటిపేరు కలిసినంతనే ప్రాచీనసేనానికి వారసులమనుట ఈ దోషమునకే లోబడును.

శాసనము సమకాలికమగుటచే వంశావళికంటె బలవత్తరము. అయినను శాసనమంతయు సమబలము కాదు. ప్రశస్తిభాగము అర్థవాదము, స్తుతియే దాని తాత్పర్యము. తిథి, దాత, ప్రతిగ్రహీత, భూమి ఎల్లలు - ఈ భాగము విశ్వసనీయతరము.

నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము ఈ విషయమున శిరోధార్యము. 1289 నవంబరు 27 నాటి ఈ చిన్న శాసనమున, శివలోకమునకేగిన కాకతి రుద్రమదేవికిని, సేనాని మల్లికార్జుననాయకునకును పుణ్యముగా పువ్వుల ముమ్మడి అను భృత్యుడు భూదానము చేసినట్లు కలదు. మహారాణి మరణకాలమును నిర్ణయించుటకు చరిత్రకారులు ఆధారపడినది ఏ ఆస్థానకవి రచించిన కావ్యముపైనను కాదు, ఈ భృత్యుని దానవాక్యముపైననే. వారిరువురును అంబదేవునితో జరిగిన యుద్ధమున మరణించిరని పలువురు చరిత్రకారులు చెప్పుదురు. ఇది శాసనమున లేదు. ఇరువురి మరణము కలిపి చెప్పుటనుబట్టియు, అంబదేవుని విజయములను చాటు త్రిపురాంతకశాసనమునుబట్టియు చేసిన అనుమానము. అనుమానము గ్రాహ్యమే. కాని అది అనుమానమని చెప్పవలెనే గాని, శాసనవాక్యమని చెప్పరాదు.

తరువాతి కాలమునకు కైఫియతులు ముఖ్యములు. కర్నల్ మెకంజీ (1754-1821) కావలి వేంకటబొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయముతో గ్రామకరణముల దండకవిలెలనుండి వీనిని సేకరింపజేసెను. పాళెగార్ల యుద్ధములు, వారి బంటులకిచ్చిన మాన్యములు ఇందు కనబడును. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ పత్రములతో వీనిని సరిచూచినచో, సైనికసేవకై భూమిని పొందిన కుటుంబము నిజముగా ఆ గ్రామమున నుండెనా లేదా యని తేల్చుటకు వీలగును.

ఇక పేరు లభింపనిచో ఏమి చెప్పవలెను? అనుపలబ్ధివిచారమిచట ఆవశ్యకము. ఉన్నచో కనబడదగిన వస్తువు కనబడనప్పుడే దాని అభావము సిద్ధించునని భాట్టులు, వేదాంతులు చెప్పిరి. ఇదియే యోగ్యానుపలబ్ధి. చీకటిగదిలో ఘటము కనబడలేదని, ఘటము లేదనరాదు.

ఈస్టిండియా కంపెనీ తొలి సిపాయిలలో తెలుగువారుండుటచే ఉత్తరహిందూస్థానమున సిపాయికి "తిలంగా" అను పేరు వాడుకయైనది. దేశనామము నిలిచినది గాని వ్యక్తినామములు మరుగుపడినవి. మొదటి ప్రపంచయుద్ధమున మెసపటేమియాలో మడిసినవారికై నిర్మించి 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకమున నలుబదివేలకు పైబడినవారు స్మరింపబడిరి. అందు భారతీయాధికారుల పేర్లు చెక్కబడినవి. సామాన్యభారతసైనికులకు దళనామము, సంఖ్యయే మిగిలినవి. మద్రాసు శాపర్లును ఆ రంగమున సేవ చేసినవారే. ఈ అసమానతను కామన్వెల్త్ యుద్ధసమాధుల సంస్థ 2021లో తన నివేదికయందంగీకరించినది. కావున ఆ ఫలకముపై తాతపేరు లేదనుటచేత తాత యుద్ధమునకు పోలేదని తేలదు. ఆ ఫలకము అతని పేరును తెలుపుటకు యోగ్యమే కాదు. దళపుపట్టికలు, పింఛను పత్రములు, ఇంట నిలిచిన పతకము అంచుపై చెక్కిన సంఖ్య - వీనివలన వెదకవలెను.

దీనివలన క్రమమొకటి ఏర్పడుచున్నది. జీవించియున్న వృద్ధునినుండి ప్రారంభించి ఒక్కొక్క తరమును వెనుకకు పోవలెను. ప్రాచీనసేనానినుండి క్రిందికి దిగివచ్చుట వికల్పములకు దారితీయును. ప్రతి తరమునకును ఏది శాసనసిద్ధము, ఏది అనుమానము, ఏది ఐతిహ్యమాత్రము అని వేరువేరుగా వ్రాసియుంచవలెను.

పండితుని ఆశ్రయించిన కుటుంబమునకు సంతోషము కలిగించుటకై లేని సంబంధమును కల్పించుట అపచారము. పత్రములు దొరకలేదని వారి స్మృతిని కొట్టివేయుటయు అంతే. చందుపట్ల భృత్యుడు ఒక చిన్నదానమువలన ఏడువందల యేండ్లకు పైగా నిలిచెను. అట్టి అవకాశము లభింపని వేలమందిని గూర్చి తెలియునంతవరకే చెప్పి, అంతకు మించి చెప్పకుండుటయే శాస్త్రమర్యాద.