చామంతి కుటుంబపు కలుపు మొక్కలను పోల్చుకొనుట ఎట్లు?

తొలకరి వానలు పడగానే బొల్లారం, అల్వాలు ప్రాంతపు చెలక నేలలలోను, రైలుకట్టల వెంబడిని, ఖాళీ స్థలములలోను రకరకముల చిన్న మొక్కలు మొలచును. వీటిలో చాలా భాగము చామంతి కుటుంబమునకు చెందినవే. చూపునకు అన్నియు ఒకే పోలికగా నుండుటచే రైతులు మందుమొక్కను కలుపని పీకివేయుటయు, హానిచేయు కలుపును మంచి మొక్కయని ఇంటికి తెచ్చుటయు కలదు. వినాయక చవితినాడు మాచిపత్రి యనుకొని పిల్లలు కోసుకొని వచ్చునది ఒక్కొక్కప్పుడు వయ్యారిభామ ఆకే! ఈ పొరపాటు వలన చేతులకు దద్దుర్లు, దురద కలుగవచ్చును. కనుక ఈ మొక్కలను పోల్చుకొను పద్ధతి ప్రతి రైతు కుటుంబమునకును తెలిసియుండుట అవసరము.

ఒక పువ్వు కాదు, పూల గుంపు

చామంతి కుటుంబములో ప్రపంచమంతటను 20,000కు పైగా జాతులున్నవి. పొద్దుతిరుగుడు, కుసుమ, బంతి మనము సాగుచేయునవి. హిమాలయముల ఎత్తైన చరియలలో పూయు బ్రహ్మకమలము కూడ ఈ కుటుంబములోనిదే. మన ఇండ్ల కుండీలలో రాత్రిపూట విచ్చుకొను 'బ్రహ్మకమలము' వేరు; అది కాక్టస్ జాతి మొక్క. పేరు ఒకటైనంత మాత్రమున మొక్క ఒకటి కాదనుటకు ఇదియే నిదర్శనము.

ఈ కుటుంబములో మనము ఒక పువ్వు అనుకొనునది నిజమునకు అనేక చిన్న పూల గుంపు. పొద్దుతిరుగుడు పువ్వును విప్పి చూడండి. అంచున రేకులవలె కనిపించునవి కిరణ పుష్పకములు. నడుమ దట్టముగా నున్నవి చక్ర పుష్పకములు. అంచు పుష్పకములు ఎన్ని, ఏ రంగువి, పూగుత్తికి కాడ పొడుగెంత అను మూడు విషయములను గమనించినచో సగము పని తీరినట్లే.

ఎదురెదురు ఆకులు గల మొక్కలు

మొదట కాండముపై ఆకుల అమరికను చూడవలెను. ఒకే కణుపు వద్ద రెండు ఆకులు ఎదురెదురుగా నున్నచో అది ఈ క్రింది రెంటిలో ఒకటి కావచ్చును.

గుంటగలగర: చెరువు గట్లు, కాలువ ఒడ్లు, వరిమళ్ళ గట్లు దీని స్థానములు. ఆకు సన్నగా, పొడుగుగా, గరుకుగా నుండును. తొడిమ ఉండదు, లేదా మిక్కిలి పొట్టిగా నుండును. పూగుత్తి చిన్నది, తెల్లనిది. అంచు పుష్పకములు సన్నగా, అనేకముగా నుండును. పచ్చి ఆకును నలిపి అరచేత రుద్దినచో రసము కొద్దిసేపటికి నల్లబడును. తలనూనెకు వాడునది ఇదే.

గడ్డి చామంతి: మెట్ట నేలలలో, బాటల ప్రక్కన నేలబారుగా ప్రాకును. ఆకు అంచున పెద్ద పండ్లవంటి నొక్కులుండును. జానెడు పొడుగు కాడ చివర ఒకే పూగుత్తి నిలుచును. నడుమ పసుపు, అంచున వెలిసిన తెలుపు రంగు పుష్పకములు కొద్దిగా నుండును. ఒక్కొక్కదాని కొస మూడు నొక్కులుగా చీలియుండును. గింజలు నూగుతో గాలికి ఎగిరిపోవును.

పొన్నగంటి కూర కూడ తడి నేలలో ఎదురెదురు ఆకులతో, తెల్లని పూలతో పెరుగును. కాని అది ఈ కుటుంబములోనిది కాదు. దాని పూలు కాడ లేక కణుపునే అంటుకొని, ఎండిన పొరవలె నుండును. మందు దినుసుగా గుంటగలగరను సేకరించి అమ్మువారు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

ఒకటి విడిచి ఒకటిగా ఆకులు గల మొక్కలు

వయ్యారిభామ: దీనినే కాంగ్రెసు గడ్డి, క్యారెట్ గడ్డి అందురు. ఇది అమెరికా ఖండపు మొక్క. 1956లో పూనాలో దీనిని గుర్తించిన తరువాత దేశమంతటను వ్యాపించినది. లేత మొక్క ఆకులు నేలకు అంటుకొని చక్రమువలె పరచుకొనును. ఆకు చీలి, ఆ చీలికలు మరల చీలియుండును. కాండముపై నిలువు గాళ్ళుండును. తెల్లని చిన్న పూగుత్తులు కొమ్మల చివర గుంపుగా పూయును. ఒక్కొక్కదానికి అంచు పుష్పకములు సాధారణముగా ఐదే.

మాచిపత్రి: ఆకు పైన పచ్చగా, అడుగున తెల్లని నూగుతో నుండును. నలిపినచో సువాసన వచ్చును. దవనము ఆకు రెండు ప్రక్కలను బూడిద రంగుతో, మంచి పరిమళముతో నుండును.

చామంతి: ఆకు ఒకసారి మాత్రమే వెడల్పుగా చీలియుండును. చామంతిని పిలకలతో సాళ్ళలో నాటుదుము గనుక, సాలు తప్పి గింజతో మొలచిన మొక్కను అనుమానించవలెను.

ముఖ్య హెచ్చరిక: తెలియని మొక్కను ముందుగా వాసన చూడరాదు. పుల్లతో ఆకును త్రిప్పి అడుగు భాగమును చూడండి. అడుగున తెల్లని నూగు లేక, చీలికలలో మరల చీలికలున్నచో దానిని చేతితో తాకవద్దు.

వయ్యారిభామ వలన నష్టము, నివారణ

ఇందలి పార్థెనిన్ అను పదార్థము చర్మవ్యాధి కలిగించును. పుప్పొడి వలన కొందరికి ఉబ్బసము వచ్చును. పశువులు తినినచో పాలు చేదెక్కును. ఒక్క మొక్క వేలకొలది గింజలనిచ్చును. మొలచిన నాలుగు, ఆరు వారములలో పూతకు వచ్చును. కనుక ఆలస్యము పనికిరాదు.

1. నేల తడిగా నున్నప్పుడు, పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసికొని వేళ్ళతో సహా పీకవలెను. కేవలము కోసినచో మరల చిగుర్చును.

2. పూయని మొక్కలను గోతిలో వేసి ఎరువు చేయవచ్చును. పూత, గింజ గలవానిని ఎరువు గోతిలో వేయరాదు.

3. పంటలేని బంజరులలో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి, పూతకు ముందు, ఎండ కాయు దినమున ఆకులు తడియునట్లు చల్లవచ్చును. పొలములో దీనిని చల్లరాదు, నేల చెడును.

4. ఖాళీ స్థలములలో తగిరిస గింజలు చల్లినచో ఆ మొక్క దట్టముగా పెరిగి దీనిని అణచును.

5. మెక్సికో నుండి 1983లో తెప్పించిన జైగోగ్రామా పెంకుపురుగు దీని ఆకులను తినును. తెల్లని ఒంటిపై గోధుమ రంగు చారలుండు ఈ పురుగు వానకాలములో కనిపించును. దానిని చంపవద్దు, అది రైతు మిత్రుడు.

మీ గ్రామములో బడిపిల్లలకు ఈ మొక్కలను చూపి భేదములను నేర్పండి. చవితి పత్రికి వెళ్ళుటకు ముందే ఈ పాఠము జరుగవలెను. ఒక పొలములో మాత్రమే కలుపు తీసినచో ప్రక్క పొలపు గింజ మరల వచ్చును. కనుక ఊరందరును కలిసి, మొదటి పువ్వు విచ్చుకొనకముందే ఈ పని పూర్తిచేయవలెను.